చప్పుడు నాదే, నిద్ర మాత్రం బాబాయిది

"ఏరా అబ్బాయ్, నీ బండి రోజూ పరీక్ష రాస్తానే ఉంది, ఎప్పటికి పాసవుద్ది?"

మా ఎదురింటి బాబాయ్ ఈ మాట అన్నప్పుడు జోకేశాడనుకుని గట్టిగా నవ్వేశాను. ఆ తర్వాత ఆయన చెప్పిన మాటలు విన్నాక నవ్వడం ఎంత తప్పో తెలిసొచ్చింది. ఆ సంగతికి తర్వాత వస్తా. ముందు అసలు కథ.

బాపులపాడు అంటే చాలామందికి తెలీదు, హనుమాన్ జంక్షన్ అంటే టక్కున గుర్తుపడతారు. మండలం పేరు బాపులపాడు, బస్సు ఆగేది జంక్షన్లో. విజయవాడ నుంచి ఏలూరు వెళ్ళే హైవే మీద నూజివీడు రోడ్డు కలిసే చోటు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాలోకి వెళ్ళింది, మేము కృష్ణాలోనే ఉండిపోయాం. మామిడి చెట్లకి ఈ విషయం ఎవరూ చెప్పినట్టు లేదు. గీతకి అటూ ఇటూ ఒకేలా కాస్తున్నాయి.

వేసవిలో ఇంటి నుంచి పని అంటే ఊరొచ్చేశాను. పని అమెరికా వాళ్ళతో కాబట్టి సాయంత్రం మొదలై అర్ధరాత్రి దాటాక ముగుస్తుంది. పగలంతా ఖాళీ. ఎదురుగా నా హిమాలయన్. 411 సీసీ, ఒకటే సిలిండర్, 24 గుర్రాల చిల్లర శక్తి. నాలుగేళ్ళు మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, ఒక్క నట్టు కూడా విప్పకుండా సాఫ్ట్‌వేర్లో చేరిపోయిన లక్షలమందిలో నేనూ ఒకణ్ణి. థర్మోడైనమిక్స్‌లో ఒట్టో సైకిల్ బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నాను గానీ స్పార్క్ ప్లగ్ విప్పమంటే ఏ పానా పట్టుకోవాలో తెలీదు. ఆ సిగ్గు ఎప్పట్నుంచో ఉంది. సరే, ఈ వేసవిలో సైలెన్సర్ నేనే మారుస్తా, ఈసీయూ ట్యూనింగ్ కూడా నేనే చేస్తా అని డిసైడయ్యా. ఒక స్లిప్-ఆన్ సైలెన్సర్, ఒక పిగ్గీబ్యాక్ పెట్టె ఆర్డర్ పెట్టేశా.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. సైలెన్సర్ మార్పుల్లో రెండు రకాలున్నాయి. చివరి డబ్బా ఒక్కటే మారిస్తే స్లిప్-ఆన్. ఇంజన్ దగ్గర్నుంచి మొత్తం గొట్టం మారిస్తే ఫుల్ సిస్టమ్. రెండోదాంట్లో చాలాసార్లు క్యాటలిటిక్ కన్వర్టర్ కూడా ఎగిరిపోతుంది, అంటే పొగలో విషం తగ్గించే భాగాన్నే పీకేసినట్టు. అంత పాపానికి నేను ఒడిగట్టలేదు, స్లిప్-ఆన్‌తో సరిపెట్టుకున్నా.

ఇక ఈసీయూ. దీన్ని చూసి మనవాళ్ళు భయపడతారు గానీ, మన పనిలో ఉన్నవాళ్ళకి ఇది చాలా తెలిసిన వస్తువే. లోపల ఉండేది ఒక లుక్అప్ టేబుల్. ఒక పక్క ఇంజన్ వేగం, ఇంకో పక్క థ్రాటిల్ ఎంత తెరిచారన్నది. రెండూ కలిసే గడిలో ఒక అంకె. ఇంజెక్టర్ ఎంతసేపు తెరుచుకుని ఉండాలి అనేది ఆ అంకె. దీన్నే మ్యాప్ అంటారు. బరువు లెక్కలో ఒక వంతు పెట్రోలుకి 14.7 వంతుల గాలి ఉంటే రెండూ మిగలకుండా కాలతాయి. పవర్ కావాలంటే పెట్రోల్ కొంచెం ఎక్కువ పోసి 13కి అటూ ఇటూ తేవాలి. కానీ క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగ్గా పనిచేసేది ఆ 14.7కి బాగా దగ్గర్లోనే. అందుకే కంపెనీవాళ్ళు మామూలుగా వెళ్తున్నప్పుడు ఆక్సిజన్ సెన్సర్ చెప్పిన మాట విని, క్షణక్షణం సర్దుకుంటూ, ఆ గీత దగ్గరే ఉంచుతారు. అంటే ఫీడ్‌బ్యాక్ లూప్ అన్నమాట. థ్రాటిల్ పూర్తిగా తిప్పినప్పుడు ఆ లూప్ వదిలేసి టేబుల్లో ఉన్న అంకెనే నమ్ముతుంది.

పిగ్గీబ్యాక్ అంటే ఈసీయూకి, ఇంజెక్టర్‌కి మధ్య కూర్చునే చిన్న పెట్టె. కంపెనీ ఈసీయూ పంపిన సిగ్నల్‌ని దారిలో పట్టుకుని, మనం చెప్పినట్టు మార్చి పంపిస్తుంది. మన భాషలో చెప్పాలంటే మిడిల్‌వేర్. బెంగుళూరు నుంచి వచ్చే పవర్‌ట్రానిక్ లాంటివి ఈ కోవలోవే. ల్యాప్‌టాప్‌కి తగిలించి గడులు మార్చుకోవచ్చు.

కార్బొరేటర్ రోజుల్లో మెకానిక్ చెవితో విని, స్క్రూ తిప్పి, జెట్ మార్చి సరిచేసేవాడు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 వచ్చాక టూవీలర్లలో దాదాపుగా అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షనే. స్క్రూ పోయి కోడ్ వచ్చింది. నాలాంటివాడికి అది బోలెడంత ధైర్యం ఇచ్చింది. కోడే కదా, మనకి తెలీనిదా!

ఒక శనివారం పొద్దున్నే వేపచెట్టు కింద బండి పెట్టి మొదలెట్టా. మొదటి బోల్టు కదిలినప్పుడు వచ్చిన ఆనందం నాకు మొదటి జీతం వచ్చినప్పుడు కూడా రాలేదు. కొత్త గొట్టం సరిగ్గా కూర్చోలేదు. ముందుభాగం కాస్త వదులు చేస్తే సర్దుకుంటుందేమోనని ఇంజన్ హెడ్ దగ్గర బెండ్ పైప్ నట్లు విప్పాను. సర్దుకుంది. మళ్ళీ బిగించేశా. స్టార్ట్ చేస్తే... అబ్బో! వీధి చివర కుక్కలు లేచి నిలబడ్డాయి. మా అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి "గ్యాస్ బండ పేలిందా ఏంట్రా" అంది. నేను మాత్రం మైసూర్ మహారాజులా చిరునవ్వు.

పిగ్గీబ్యాక్‌లోకి ఇంటర్నెట్లో దొరికిన ఒక మ్యాప్ ఎక్కించా. ఎవరో పరదేశీయుడు, ఇదే బండికి తయారుచేసింది. ఇక్కడే మనం చేసే మొదటి తప్పు. ఆ మ్యాప్ అతని పెట్రోలుకి, అతని ఊరి వాతావరణానికి, అతని సైలెన్సర్‌కి రాసింది. మన బంకుల్లో ఇప్పుడు దొరుకుతున్నది ఈ20, ఇరవై శాతం ఇథనాల్. దానికి సరిపడే గాలి పాళ్ళు 14.7 కాదు, సుమారు 13.5. ఎవరో రాసిన కోడ్ అర్థం చేసుకోకుండా కాపీ కొట్టి నేరుగా ప్రొడక్షన్‌లో పెట్టినట్టే. ఆఫీసులో జూనియర్ ఎవరైనా ఈ పని చేస్తే గంటసేపు క్లాసు పీకుతాను.

రెండో రోజు నుంచి థ్రాటిల్ వదిలినప్పుడల్లా సైలెన్సర్‌లో టప్ టప్ టప్. వెతికితే "పెట్రోల్ తక్కువైతే ఇలా అవుతుంది" అని చాలాచోట్ల ఉంది. సరేనని గడుల్లో అంకెలు పెంచా. ఆగలేదు. ఇంకా పెంచా. ప్లగ్ విప్పి చూస్తే బొగ్గు పూసినట్టు నల్లగా ఉంది, అంటే పెట్రోల్ ఎక్కువైందని అర్థం. టప్ టప్ మాత్రం అలాగే ఉంది. మైలేజీ పాతాళానికి. రెండు వారాలు ఇదే పని. గడి మార్చడం, స్టార్ట్ చేయడం, రెండు నిమిషాలు రేజ్ చేయడం, ఊరి చుట్టూ ఒక రౌండ్, మళ్ళీ ల్యాప్‌టాప్. పొద్దున పదింటికి కూర్చుంటే రెండింటిదాకా.

చివరికి సిగ్గు చంపుకుని జంక్షన్లో ఒక పెద్ద మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళా. ఆయన ల్యాప్‌టాప్ వైపు కన్నెత్తి కూడా చూడలేదు. తడిగుడ్డ ముద్దచేసి సైలెన్సర్ మూతికి ఒక్క క్షణం అడ్డం పెట్టి చెవి ఇంజన్ దగ్గర పెట్టాడు. బెండ్ పైప్ దగ్గర బుస్సుమంది.

"గ్యాస్కెట్ కొత్తది ఎయ్యలేదా బాబూ?"

"పాతదే బానే ఉంది కదండీ..."

"అది ఒకసారి నలిగితే మళ్ళీ పనికిరాదు."

అంతే. ఆ సందులోంచి బయటి గాలి లోపలికి పోతోంది. ఆక్సిజన్ సెన్సర్ ఆ గాలిని చూసి "పెట్రోల్ చాలట్లేదు" అని ఈసీయూకి చెప్తోంది. ఈసీయూ ఇంకా పెట్రోల్ పోస్తోంది. పైన నేను ఇంకాస్త పోస్తున్నా. ఆ కాలని పెట్రోల్ గొట్టంలోకి వచ్చి, అక్కడ బయటి గాలి తగిలి, టప్పున అంటుకుంటోంది. ఒక చిన్న గ్యాస్కెట్ తప్పుకి రెండు వారాలు కోడ్ మార్చాను. హార్డ్‌వేర్ బగ్గుని సాఫ్ట్‌వేర్లో కప్పెట్టబోయాను. మనలో ఎంతమందికి ఇది తెలీని జబ్బు చెప్పండి?

గ్యాస్కెట్ మారింది, టప్ టప్ పోయింది. అప్పుడు బుద్ధొచ్చి, చేయాల్సిన పని చేశా, అంటే కొలవడం. ఫోన్లో జీపీఎస్ పెట్టుకుని, ఎవరూ లేని ఒకే రోడ్డు ముక్క మీద, ఒకే గేర్లో, 60 నుంచి 90కి ఎంతసేపు పడుతోందో చూశా. ఒక్కో అమరికకి ఐదుసార్లు. ముందు కొత్త సైలెన్సర్, పిగ్గీబ్యాక్. తర్వాత కొత్త సైలెన్సర్ ఒక్కటే. తర్వాత పాతదానితో పిగ్గీబ్యాక్. చివరికి రెండూ కంపెనీవే. మొదటిదానికీ చివరిదానికీ తేడా అర సెకను కూడా లేదు, ఉన్న ఆ కాస్త తేడా పిగ్గీబ్యాక్ వల్లే. సైలెన్సర్ ఒక్కటే మారిస్తే వచ్చిన తేడా నా చేతివాటంలో వచ్చే తేడా కన్నా తక్కువ.

మరి అన్నాళ్ళూ బండి దూసుకుపోతోందని ఎందుకనిపించింది? చప్పుడు వల్ల. చెవి చెప్పిన అబద్ధాన్ని ఒళ్ళంతా నమ్మింది. మా ఊళ్ళో కుర్రాళ్ళు "అన్నా, పికప్ అదిరింది" అన్నారు. వాళ్ళు బండెక్కనే లేదు, విన్నారంతే!

ఇప్పుడు బాబాయ్ దగ్గరికి వద్దాం.

బాబాయ్ లారీ డ్రైవర్. మామిడి సీజన్లో నూజివీడు చుట్టుపక్కల తోటల నుంచి లోడు ఎత్తుకుని రాత్రంతా నడిపి హైదరాబాద్ చేరతాడు. పగలు వచ్చి పడుకుంటాడు. ఆయన పడుకునేది సరిగ్గా పది నుంచి రెండింటిదాకా. పరీక్ష ఎప్పటికి పాసవుద్దని అడిగి, నేను నవ్వడం అయ్యాక, మెల్లగా అన్నాడు.

"పది రోజుల్నుంచి నిద్ర లేదురా. మొన్న నందిగామ దాటాక రెండుసార్లు కునుకు పడింది. క్లీనర్ కుర్రోడు కేకేశాడు కాబట్టి సరిపోయింది. నీ సరదా నేను కాదన్ను. ఆ నాలుగ్గంటలు వదిలెయ్యి చాలు."

ఆయన కోప్పడి ఉంటే బావుండేది. నేనూ ఏదో ఒకటి అనేవాణ్ణి. ఆయన బతిమాలినట్టు అడిగాడు.

నేను కూడా నైట్ షిఫ్ట్ వాడినే కదండీ! హైదరాబాద్‌లో ఉన్నప్పుడు పై ఫ్లాట్‌లో పగటిపూట డ్రిల్లింగ్ పెట్టారని అపార్ట్‌మెంట్ గ్రూపులో పేరాలు పేరాలు రాసి గొడవ చేసినవాణ్ణి. నిద్ర చాలకపోతే నా కోడ్‌లో ఒక బగ్ వస్తుంది, మర్నాడు సరిచేస్తా. బాబాయ్ నిద్ర చాలకపోతే పది టన్నుల లోడు ఎవరి మీదికి వెళ్తుందో తెలీదు. ఆ లెక్క నా లుక్అప్ టేబుల్లో ఏ గడిలోనూ లేదు.

ఇదేదో నా ఒక్కడి సెంటిమెంటు కాదు, దీనికి అంకెలున్నాయి. మన దేశంలో తయారయ్యే మోటార్ సైకిళ్ళకి శబ్ద పరిమితి ఉంది. 80 సీసీ దాకా 75 డెసిబెల్స్, 175 సీసీ దాకా 77, ఆపైన 80. కంపెనీ బండి ఆ పరీక్ష పాసయ్యే బయటికొస్తుంది (బాబాయ్‌కి తెలీకుండానే సరైన మాట వాడాడు). ఇళ్ళున్న ప్రాంతాల్లో 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం పగలు 55, రాత్రి 45 దాటకూడదు. డెసిబెల్ లెక్క మామూలు కూడిక కాదు. పది పెరిగితే చెవికి దాదాపు రెట్టింపు గోల. నా ఫోన్ యాప్‌లో పాత సైలెన్సర్‌కీ కొత్తదానికీ పద్నాలుగు తేడా వచ్చింది. ఫోన్ లెక్క అధికారిక పరీక్షకి సాటి రాదు నిజమే, కానీ ఒకే ఫోన్, ఒకే దూరం, తేడా మాత్రం తేడానే.

చట్టం కూడా స్పష్టంగానే ఉంది. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఒక కేరళ కేసులో ఇదే ఖాయం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణలో అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆర్నెల్ల దాకా జైలు, లేదా రెండూ అని చేర్చారు. శబ్దం, పొగ ప్రమాణాలు దాటితే 190వ సెక్షన్ కింద పదివేల దాకా జరిమానా, మూణ్ణెల్ల దాకా జైలు, మూణ్ణెల్లు లైసెన్సు రద్దు వేరే. గమనించండి, నా పిగ్గీబ్యాక్ చప్పుడు చేయదు గానీ పొగ మారుస్తుంది, అదీ మార్పే. విశాఖలో, హైదరాబాద్‌లో పట్టుకున్న సైలెన్సర్లని వరసగా పేర్చి రోడ్ రోలర్‌తో తొక్కించిన వీడియోలు మీరూ చూసే ఉంటారు.

ఆ వీడియోల కింద మనవాళ్ళు రెండు జట్లుగా విడిపోతారు. "భలే చేశారు, అందర్నీ లోపలెయ్యాలి" అనేవాళ్ళు ఒకవైపు. "నా డబ్బు, నా బండి, నా ఇష్టం" అనేవాళ్ళు ఇంకోవైపు. నేను రెండో జట్టులోంచి వచ్చినవాణ్ణే, అయినా ఇద్దరితోనూ పేచీ ఉంది.

రెండో జట్టుకి చెప్పేది ఇది. బండి నీదే. చప్పుడు నీది కాదు, గొట్టం దాటిన మరుక్షణం అది వీధిది. పొగా అంతే. నీ గేటు లోపల ఆగిపోయేదైతే నీ ఇష్టం. ఆగదు కాబట్టి ఎదురింటివాడికి కూడా ఒక ఓటుంది. ఇంకో సంగతి, ప్రమాదం జరిగితే చెప్పకుండా చేసిన మార్పు చూపించి ఇన్సూరెన్సువాళ్ళు పేచీ పెట్టొచ్చు, ఆ ఖర్చు కూడా నీదే.

మొదటి జట్టుకి చెప్పేది కూడా ఉంది. మన దగ్గర "కంపెనీ ఇచ్చింది ముట్టుకోకు" అనే మాట చట్టం కన్నా పాతది. రేడియో విప్పితే తన్నారు, మిక్సీ విప్పితే తన్నారు. అలా పెరిగి ఇంజనీర్లమయ్యాం. మెకానికల్ పట్టా చేతిలో ఉండి గ్యాస్కెట్ రెండోసారి పనికిరాదని తెలీని నాలాంటివాళ్ళు తయారైంది అందుకే. రోడ్ రోలర్ సైలెన్సర్‌ని తొక్కుతుంది, ఆసక్తిని కూడా తొక్కేస్తే నష్టం మనకే. యూరప్‌లో విడిగా అమ్మే సైలెన్సర్లకి కూడా పరీక్ష చేసి ఆమోదముద్ర వేసే పద్ధతి ఉంది, ఆ గుర్తు ఉంటే రోడ్డు మీద వాడుకోవచ్చు. కాలిఫోర్నియాలో పొగకి సంబంధించిన విడిభాగాలకి అక్కడి గాలి నాణ్యత బోర్డు పరీక్షించి ఒక నంబర్ ఇస్తుంది. మనకి ఇది చేతకాదా అంటే, కార్లకి సీఎన్‌జీ కిట్లు బిగించడానికి అచ్చం ఇలాంటి ఆమోదం పద్ధతి మన దగ్గరే ఉంది. కిట్ పరీక్ష పాసవ్వాలి, ఆర్‌సీలో ఎక్కాలి, అప్పుడు దర్జాగా తిరగొచ్చు. అదే దారి సైలెన్సర్‌కీ, ఈసీయూ కిట్‌కీ పెట్టమని అడగడంలో న్యాయం ఉంది. 80 డెసిబెల్స్ లోపు ఉంటుందని రుజువు చేసినదాన్ని బిగించుకుంటే ఎవరికి బాధ? దారే లేకపోతే అందరూ దొడ్డిదారినే వెళ్తారు.

నేనేం చేశానంటే, పాత సైలెన్సర్ మళ్ళీ బిగించేశా (కొత్త గ్యాస్కెట్‌తో!). పిగ్గీబ్యాక్ పీకేశా. చేతకాక కాదు, ఈసారి గంటన్నరలో అయిపోయింది. కొత్త సైలెన్సర్ మామిడికాయలు మాగబెట్టే గదిలో గడ్డి పక్కన పడుంది. అమ్మడానికి మనసు రాలేదు, అమ్మితే ఇంకో ఊళ్ళో ఇంకో బాబాయ్‌కి నిద్ర పోతుంది.

కానీ పానాలు లోపల పెట్టలేదు. చైన్, బ్రేక్ ప్యాడ్లు, ఎయిర్ ఫిల్టర్, ఇంజన్ ఆయిల్ ఇప్పుడు అన్నీ నేనే. మొన్న పుస్తకం ముందేసుకుని, ఫీలర్ గేజ్ కొనుక్కుని ట్యాపెట్లు కూడా సరిచేశా. సైలెన్సర్ మార్చినప్పుడు కలిగిన సంతోషంలో చప్పుడు వాటా ఎంత, చేతులతో చేసిన పని వాటా ఎంత అని ఇప్పుడు విడదీసి చూసుకోగలుగుతున్నా. ముప్పావు వంతు చేతులదే. అది ఉచితం, చట్టబద్ధం, నిశ్శబ్దం కూడా.

అయినా మారుస్తామంటారా? చట్టం ఏం చెప్తోందో పైన రాశాను, నిర్ణయం మీది. నా దెబ్బల నుంచి మాత్రం నాలుగు మాటలు. ముందు కొలవండి, కొలవకపోతే బాగుపడిందో లేదో మీకెప్పటికీ తెలీదు. ఒకసారికి ఒక్కటే మార్చండి. పాత భాగాలు, పాత మ్యాప్ జాగ్రత్తగా దాచండి, రోల్‌బ్యాక్ లేని డిప్లాయ్‌మెంట్ మన వృత్తిలోనే పాపం. కోడ్ ముట్టుకునే ముందు గ్యాస్కెట్ చూడండి.

అన్నిటికన్నా ముందు, ఎదురింట్లో ఎవరు ఏ వేళప్పుడు పడుకుంటారో కనుక్కోండి. ఇరవై ఏడేళ్ళొచ్చాయి, ఆ వీధిలోనే పుట్టి పెరిగాను. బాబాయ్ పగలు పడుకుంటాడని నాకు ఈ వేసవిదాకా తెలీదు.